ఉత్సవ వస్త్రమూ అర్హతా: స్కాట్లండ్ కిల్టు మీద ఒక విచారణ

మత్తయి సువార్తలో వస్త్రధారణను గురించి రెండు బోధలు కనిపిస్తాయి. ఆరవ అధ్యాయంలోనిది ఏమి కట్టుకోవాలన్న చింత మానుకోమని, పొలంలో పూసిన పూల అందాన్ని చూసి దైవాన్ని నమ్మమని చెబుతుంది. ఇరవై రెండవ అధ్యాయంలోనిది ఒక ఉపమానం, అందులో ఒక రాజు తన కుమారుని పెండ్లి విందుకు దారిన పోయేవారిని సైతం పిలిపించి, వారిలో పెండ్లి వస్త్రం లేకుండా వచ్చిన ఒక్కనిని మాత్రం కాళ్లూ చేతులూ కట్టించి బయటి చీకటిలోకి తోయిస్తాడు. ఈ రెండూ ఒకే గ్రంథంలో, ఒకే బోధకుని మాటలుగా ఉన్నందువల్ల, వస్త్రం పట్టించుకోదగిన విషయమా కాదా అన్న ప్రశ్న క్రైస్తవ ధర్మచింతనలో ఎన్నడూ పూర్తిగా తేలలేదు: పట్టించుకుంటే అది డాంబికానికి దారి తీయవచ్చు, పట్టించుకోకపోతే పిలిచినవారిని చిన్నబుచ్చినట్లు కావచ్చు. నాలుగవ, ఐదవ శతాబ్దాల నాటి అగస్టీన్ ఆ పెండ్లి వస్త్రం ప్రేమేనని వ్యాఖ్యానించి చిక్కును కొంత సడలించాడు. అయితే ప్రేమకు కూడా నలుగురిలో కనిపించే రూపం ఒకటి కావాలి, ఆ రూపం ఏదన్నది ప్రతి సమాజమూ తన ఆచారం ద్వారానే నిర్ణయించుకుంటుంది.

ఆ ఆచారానికి అధికారం ఎక్కడిది అన్న ప్రశ్న స్కాట్లండ్‌లో మరింత పదునుగా ఎదురవుతుంది. పెండ్లికి, విశ్వవిద్యాలయ పట్టాల ప్రదానానికి, నవంబరు 30న వచ్చే సెయింట్ ఆండ్రూ దినానికి, జనవరి 25న కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు పేరిట జరిగే విందుకు పురుషులు కిల్టు ధరించి రావడం అక్కడ నేడు సర్వసాధారణం. కిల్టు అంటే నడుము నుంచి మోకాలి మధ్య వరకు దిగే ఉన్ని వస్త్రం. ముందువైపు రెండు పొరలు చదునుగా ఒకదానిపై ఒకటి పడతాయి, వెనుకవైపు లోతైన కుచ్చిళ్లు కుట్టి ఉంటాయి, సంప్రదాయం ప్రకారం కుట్టిన దానికి సుమారు 8 గజాల బట్ట పడుతుంది. రంగుగీతలు నిలువునా అడ్డంగా ఒకే వరుసలో కలిసి ఏర్పడే ఆ గళ్ల నేతను టార్టన్ అంటారు. ఒక టార్టన్‌ను మరొక దాని నుంచి వేరు చేసేది గీతల రంగులనూ దారాల లెక్కనూ నిర్ణయించే అమరిక, దాని పేరు సెట్. కుచ్చిళ్లు పెట్టేటప్పుడు వెనుక కూడా గళ్ల నమూనా చెదరకుండా కనిపించేటట్లు మడవడం పౌరుల పద్ధతి, ప్రతి మడతపై ఒకే గీత నిలిచేటట్లు మడవడం సైనికుల పద్ధతి.

వస్త్రం ఒకటే అయినా సందర్భాన్ని బట్టి దానికి తోడయ్యేవన్నీ మారిపోతాయి. సాయంకాలపు విందుకు ప్రిన్స్ చార్లీ అనే పొట్టి నల్లకోటు, దాని మీద వెండి గుండీలు, లోపల మూడు గుండీల వెయిస్ట్‌కోటు, నల్లని బో టై ధరిస్తారు. పగటి పెండ్లికీ అంత్యక్రియలకూ ముదురు ఉన్నితోనో ట్వీడ్‌తోనో కుట్టిన ఆర్గైల్ కోటు, మామూలు టై సరిపోతాయి. కిల్టుకు జేబులుండవు కనుక ముందువైపు గొలుసుతోనో తోలుపట్టీతోనో వేలాడదీసే సంచిని స్పోరన్ అంటారు, అది పగలైతే సాదా తోలుది, రాత్రి విందుకైతే బొచ్చుచర్మమూ వెండి అంచూ కుచ్చులూ గలది. మోకాళ్ల కింద మడిచిన ఉన్ని మేజోళ్లు, వాటిని నిలిపే పట్టీల నుంచి బయటికి కనిపించే ఫ్లాషెస్ అనే రంగు గుడ్డముక్కలు, నాలుక లేకుండా పొడవాటి తాళ్లతో చీలమండ చుట్టూ బిగించే గిలీ బ్రోగ్స్ అనే బూట్లు, మేజోడు పైఅంచున పిడి మాత్రమే కనిపించేటట్లు దోపుకునే స్కీయన్ దూ అనే చిన్న కత్తి, వీటితో అలంకారం పూర్తవుతుంది. కిల్టు పిన్నును పై పొరకు మాత్రమే గుచ్చుతారు, రెండు పొరలూ కలిపి గుచ్చితే బట్ట వేలాడే తీరు చెడి చివరికి చిరుగుతుంది. వెయిస్ట్‌కోటు ఉన్నప్పుడు వెడల్పాటి నడుంపట్టీ పెట్టుకోకపోవడం మర్యాదగా భావిస్తారు.

ఇలాంటి నియమాలలో కొన్నింటికి పిన్ను విషయంలో వలె ఉపయోగమే కారణం. తక్కినవాటికి అలవాటు తప్ప వేరే ఆధారం చూపడం కష్టం. అయినా వాటిని అల్పమైనవని కొట్టిపారేయని తత్త్వవేత్త అదే దేశంలో పుట్టాడు. కర్కాల్డీ పట్టణంవాడైన ఆడమ్ స్మిత్ 1759లో ప్రచురించిన నైతిక భావనల సిద్ధాంతంలో, ఆచారమూ ఫ్యాషనూ మన అందపు తీర్పులనూ నీతి తీర్పులనూ ఎలా మలుస్తాయో విచారిస్తూ, ఎప్పుడూ కలిసి కనిపించే రెండు వస్తువులలో ఒకటి లేకపోతే మనసుకు ఏదో లోటు తోస్తుందని, కోటు నడుము దగ్గర ఉండవలసిన ఒక్క గుండీ లేకపోయినా దుస్తులు వెలితిగా కనిపిస్తాయని గమనించాడు. 1776 నాటి తన ఆర్థికశాస్త్ర గ్రంథంలో నిత్యావసరాల మీద పన్నులను చర్చిస్తూ ఆయన మరొక అడుగు ముందుకు వేశాడు: ప్రాచీన గ్రీకులూ రోమనులూ నార చొక్కా లేకుండానే హాయిగా బతికినా, తన కాలపు ఐరోపాలో దినకూలీ కూడా అది లేకుండా నలుగురిలోకి రావడానికి సిగ్గుపడతాడు కనుక, అది అతనికి అవసర వస్తువేనని ఆయన తేల్చాడు. బతకడానికి అక్కరలేనిది గౌరవంగా బతకడానికి అవసరం కావచ్చునన్న ఈ గ్రహింపు ఉత్సవ వస్త్రానికి సూటిగా వర్తిస్తుంది. పదకొండవ శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణంగా చెప్పిన ఔచిత్యమనే భావన, అంటే అలంకారం తన చోట ఉంటేనే అలంకారం అవుతుందన్న విచారం, స్మిత్ మాటకు దగ్గరగానే వస్తుంది. తేడా ఏమిటంటే స్మిత్ ఆ చోటును నిర్ణయించే శక్తి వస్తుస్వభావంలో కాక మనుషుల అలవాటులో ఎక్కువగా ఉందని చూపాడు.

అలవాటుకు అంత అధికారం ఇవ్వడం మతానికి సమ్మతమా అన్నది తరువాతి ప్రశ్న. 1560లో స్కాట్లండ్ పార్లమెంటు పోపు అధికారాన్ని తోసిపుచ్చిన తరువాత, జాన్ నాక్స్ వంటివారి నాయకత్వంలో ఏర్పడిన సంస్కరణవాద చర్చి ఆరాధనలో ఆడంబరాన్ని అనుమానించింది. 1575లో దాని మహాసభ బోధకులూ వారి భార్యలూ ధరించే దుస్తులను గురించి చేసిన తీర్మానంలో అల్లికపనులనూ మఖమలునూ ఎరుపు, నీలం, పసుపు వంటి తేలిక రంగులనూ మనసు తేలికదనానికి గుర్తులుగా ఎంచి కాదన్నది, సేవ జరిపే సమయంలో బోధకులు ఒంటికి ప్లాయిడ్ అనే ఉన్ని దుప్పటిని చుట్టుకోవడాన్ని కూడా నిషేధించింది. తరువాతి కాలంలో జాతికంతటికీ ఉత్సవ వస్త్రంగా నిలిచిన దుస్తులకు మూలరూపం ప్లాయిడే కనుక ఈ నిషేధం గమనించదగినది.

అయితే ఆ చర్చి ఎవరి బోధను ప్రమాణంగా తీసుకుందో ఆ జాన్ కాల్విన్ ఈ విషయంలో అంత కఠినుడు కాడు. క్రైస్తవ ధర్మ మూలసూత్రాలను వివరించే తన మహాగ్రంథపు మూడవ భాగంలో, ఆహారం బతకడానికే కాక సంతోషానికి కూడా ఇవ్వబడినట్లే, వస్త్రం అవసరానికే కాక అందానికీ మర్యాదకూ కూడా ఉద్దేశింపబడిందని ఆయన రాశాడు. అదే భాగంలో మరొకచోట, నారబట్ట వాడవచ్చునా అని శంకించడం మొదలుపెట్టినవాడు క్రమంగా జనపనార బట్టను గురించీ శంకించి, ఆ పైన దారిలో అడ్డంగా పడిన గడ్డిపరకను దాటడానికి కూడా భయపడే స్థితికి చేరుకుంటాడని హెచ్చరించాడు. ఇటువంటి విషయాలను పాశ్చాత్య నీతిశాస్త్రంలో అదియఫోరా అంటారు. స్టోయిక్ తాత్త్వికులు పుణ్యమూ పాపమూ కాని వాటికి పెట్టిన ఆ పేరును, దేవుడు విధించనివీ నిషేధించనివీ అయిన బాహ్యాచారాలకు సంస్కరణవాదులు వాడుకున్నారు. 1575 నాటి పెద్దలు దోషాన్ని రంగులో వెదికారు, కాల్విన్ దాన్ని వాడకందారు అంతరంగంలో వెదికాడు. ఈ రెంటిలో రెండవదే సరైన చోటు, ఎందుకంటే నల్లని గౌను ధరించి గర్వించేవాడూ ఎర్రని టార్టన్ ధరించి వినయంగా ఉండేవాడూ ఇద్దరూ లోకంలో ఉన్నారు.

మతం వస్త్రాన్ని ధరించేవాని మనస్సాక్షికి వదిలిపెట్టిన తరువాత, ఆ మనస్సాక్షి ముందుకు చరిత్ర వచ్చి నిలుస్తుంది. కిల్టు ధరించడం పూర్వుల ఆచారం కనుక అది సమంజసమని చాలామంది సమాధానపడతారు. ఆ పూర్వులు ఎవరు, ఏ కాలంవారు అని అడిగితే ఆ సమాధానం నిలవడం కష్టం. స్కాట్లండ్ ఉత్తర పర్వత ప్రాంతమైన హైలండ్స్‌లో 16వ శతాబ్దం చివరి నుంచి కనిపించే వస్త్రం నేటి కిల్టు కాదు, ఒంటికంతటికీ చుట్టి నడుము దగ్గర పట్టీతో బిగించే పెద్ద ప్లాయిడ్. దాని కింది సగాన్ని వేరు చేసి చిన్న కిల్టుగా కుట్టే పద్ధతి 18వ శతాబ్దం తొలి భాగంలో స్థిరపడింది. ఇన్వర్‌గ్యారీ దగ్గర ఇనుప కొలిమి నడిపిన థామస్ రాలిన్సన్ అనే ఆంగ్లేయుడు తన పనివారికి వీలుగా దాన్ని ప్రవేశపెట్టాడని 1785లో అచ్చయిన ఒక ఉత్తరం చెబుతుంది. ఆ కథనాన్ని ఒప్పుకోని పండితులు ఉన్నారు. ఒప్పుకుంటే మాత్రం ఒక విశేషం కనిపిస్తుంది: రాలిన్సన్ క్వేకరు, అంటే నిరాడంబర వస్త్రాన్ని దైవసాక్ష్యంగా పాటించే క్రైస్తవ శాఖకు చెందినవాడు, నేటి అతి ఆడంబరమైన ఉత్సవ వేషానికి పునాది నిరాడంబరతను వ్రతంగా పట్టినవాని చేతిలో, పనిచేసుకునే సౌకర్యం కోసం పడింది.

1746 ఏప్రిల్ 16న కలోడెన్ యుద్ధంలో స్టూవర్ట్ రాజవంశ పక్షం ఓడిపోయిన తరువాత బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం 1747 ఆగస్టు 1 నుంచి పురుషులకూ బాలురకూ హైలండ్ వస్త్రాలను నిషేధించింది. మొదటి తప్పుకు 6 నెలల జైలు, రెండవదానికి సముద్రాల అవతలికి 7 సంవత్సరాల ప్రవాసం శిక్షలుగా విధించింది, రాజు సైన్యంలో చేరినవారికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. తన దుస్తులు ధరించాలంటే తనను ఓడించినవాని సైన్యంలో చేరవలసిన ఆ స్థితి 1782 వరకు, అంటే ఒక తరం ఎదిగి పెద్దదయ్యేంతవరకు కొనసాగింది. నిషేధం ఎత్తివేసేనాటికి సామాన్యులలో ఆ అలవాటు చాలావరకు పోయింది, దాన్ని మళ్లీ తలకెత్తుకున్నవారు ఎక్కువగా భూస్వాములూ సైనికాధికారులూ లండన్‌లో స్థిరపడిన పెద్దమనుషులూ.

ఆ కాలాన్ని తలచుకున్నప్పుడు తెలుగు పాఠకులకు కోలిన్ మెకంజీ గుర్తుకు రాక తప్పదు. హైలండ్స్‌కు పడమరగా ఉన్న లూయిస్ దీవిలోని స్టోర్నొవేలో, నిషేధం అమలులో ఉన్న కాలంలోనే పుట్టిన ఆయన, అది ఎత్తివేసిన మరుసటి సంవత్సరం 1783లో మద్రాసు చేరి, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సహాయంతో తెలుగు సీమ గ్రామాల కైఫియతులను సేకరింపజేశాడు. కైఫియతు అంటే గ్రామ పూర్వోత్తరాలను తెలిపే నివేదిక. దానిలో శాసనం నుంచి తీసిన నిజమూ, వంశగౌరవం కోసం పెరిగిన కథా, నిన్నమొన్నటి జ్ఞాపకమూ కలిసి ఉంటాయి. చరిత్రకారులు వాటిని కథలు కలిశాయని పారవేయలేదు, కథలే నిజమనీ నమ్మలేదు; ఏ పొర ఎప్పటిదో విడదీసి చదవడం నేర్చుకున్నారు. సంప్రదాయ వస్త్రాన్ని చదవవలసిన పద్ధతి కూడా అదే.

టార్టన్‌కూ వంశానికీ ఉన్న బంధపు చరిత్రను ఆ విధంగా చదివినప్పుడు ఏమి తేలుతుందో చూడాలి. ఒక్కొక్క వంశానికి ఒక్కొక్క టార్టన్ అనాదిగా ఉందన్నది నేడు కిల్టు అమ్మే ప్రతి దుకాణంలోనూ వినిపించే మాట. కాని 1815లో లండన్‌లోని హైలండ్ సొసైటీ తమ తమ వంశపు టార్టన్ నమూనాలను ముద్రవేసి పంపమని నాయకులను కోరినప్పుడు, చాలామందికి తమది ఏదో తెలియలేదు. రాబర్ట్‌సన్ వంశ నాయకుడు ఊరి వృద్ధులను విచారిస్తే ఒక్కొక్కరూ ఒక్కొక్క నమూనా చెప్పారు. బానక్‌బర్న్‌లో విల్సన్ కుటుంబం నడిపిన నేత సంస్థ అప్పటికే సైన్యానికీ ఎగుమతికీ రకరకాల టార్టన్లు నేసి, వాటిలో అనేకానికి అంకెలే పేర్లుగా పెట్టి అమ్ముతుండేది. ఆ అంకెలు పోయి వంశాల పేర్లు రావడం ఈ కాలంలోనే ఎక్కువగా జరిగింది. చరిత్రకారుడు హ్యూ ట్రెవర్-రోపర్ 1983లో వెలువడిన వ్యాసంలో మెక్‌ఫర్సన్ వంశానికి దక్కిన టార్టన్ పూర్వకథ చెప్పాడు: అది మొదట 155వ నంబరు, తరువాత వెస్టిండీస్‌లోని తన బానిసలకు దుస్తులుగా దాన్ని టోకున కొన్న కిడ్ అనే యజమాని పేరు దానికి వచ్చింది, ఆ తరువాతే అది ఒక గౌరవనీయ వంశపు చిహ్నమైంది.

1822 ఆగస్టులో నాలుగవ జార్జి రాజు ఎడిన్‌బరోకు వచ్చినప్పుడు ఈ ప్రక్రియ పరాకాష్ఠకు చేరింది. నవలాకారుడు సర్ వాల్టర్ స్కాట్ ఆ రాకను ఒక మహోత్సవంగా తీర్చిదిద్ది, పట్టణపు పెద్దమనుషులకు ఏమి ధరించాలో సూచనల పుస్తకం కూడా వేయించాడు. రాజు స్వయంగా 1,354 పౌండ్ల 18 షిల్లింగుల ఖర్చుతో కుట్టించిన హైలండ్ వేషంలో, పిస్తోళ్లూ కత్తులూ సహా, దర్బారులో కనిపించాడు. చరిత్రకారుడు మెకాలే, తానూ హైలండ్ పాదిరి మనుమడే అయినా, తన చరిత్ర గ్రంథంలో దీన్ని ఆక్షేపించాడు. ఆంగ్ల రాజ్యంతో కలయికకు ముందు స్కాట్లండ్ ప్రజలలో అత్యధికులు దొంగల వేషంగా భావించిన దానిని ధరించడమే ఆ జాతికి చూపగల పరమ గౌరవమని రాజు అనుకున్నాడన్నది ఆయన విమర్శ. మెకాలే చెప్పని సంగతి అంతకంటె బరువైనది. సదర్లాండ్ ప్రాంతంలో గొర్రెల మందలకు చోటు కోసం 1814లోనూ 1819లోనూ స్ట్రాత్‌నేవర్ లోయ కుటుంబాలను ఇళ్లు ఖాళీ చేయించి, కప్పులు తగులబెట్టి వెళ్లగొట్టారు. ఎవరి వస్త్రం దర్బారు వస్త్రమైందో వారే తమ నేలకు దూరమయ్యారు, రాజును కిల్టులో సత్కరించిన ప్రభువర్గంలోనే వారిని వెళ్లగొట్టిన భూస్వాములూ ఉన్నారు.

కనుక కిల్టు విషయంలో వేయదగిన నైతిక ప్రశ్న అది ప్రాచీనమా కల్పితమా అన్నది కాదు. ఆచారాలన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు మొదలుపెట్టినవే, రెండు వందల సంవత్సరాలుగా తండ్రులూ కొడుకులూ పెండ్లికీ శవయాత్రకూ ధరిస్తూ వచ్చిన వస్త్రం ఆ ధరించడం వల్లనే నిజమైన ఆచారం అయింది. ట్రెవర్-రోపర్ వంటివారు దాని పుట్టుకను బయటపెట్టడం వల్ల ఆ తండ్రీకొడుకుల బంధం అబద్ధం కాదు. అడగవలసింది ఆ వస్త్రం ఎవరెవరి కష్టం మీదుగా తన వరకు వచ్చిందో ధరించేవాడు ఒప్పుకోవడానికి సిద్ధంగా ఉన్నాడా అని. డంఫ్రీస్‌షైర్‌లోని ఎకిల్‌ఫెకన్ అనే ఊరిలో కఠిన ప్రెస్బిటీరియన్ కుటుంబంలో పుట్టిన థామస్ కార్లైల్, రాజు వచ్చి వెళ్లి పదేళ్లు దాటిన తరువాత 1833, 1834 సంవత్సరాలలో ఒక పత్రికలో ధారావాహికగా ప్రకటించిన సార్టర్ రిసార్టస్ అనే విచిత్ర గ్రంథంలో, ఒక ఊహాకల్పిత జర్మన్ ఆచార్యుని నోట వస్త్ర తత్త్వాన్ని చెప్పించాడు. సమాజమంతా వస్త్రం మీద నిలబడి ఉందని, కంటికి కనిపించేవన్నీ లోపలి భావానికి చిహ్నాలేనని, చిహ్నాలు కూడా బట్టల వలె పాతబడి చిరుగుతాయని ఆ ఆచార్యుని సిద్ధాంతం. చిహ్నం చిరిగిపోవడానికి ముఖ్య కారణం వయస్సు కాదు, దానిలో భావం ఖాళీ కావడం. చరిత్ర తెలియకుండా ధరించిన టార్టన్ కొత్తదైనా చిరిగినదే.

వంశరక్తం అర్హతనిస్తుందన్న రెండవ సమాధానాన్ని గురించి ఎక్కువ చర్చ అక్కరలేదు. హైలండ్ వంశాలలోనే రక్తసంబంధం లేని కౌలుదారులు నాయకుని ఇంటిపేరు పెట్టుకుని కలిసిపోయినవారు ఎందరో ఉన్నారు. పైగా టార్టన్ ధరించడాన్ని నియంత్రించే చట్టం లేదు. 1853లో విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ రూపొందించిన బాల్‌మోరల్ టార్టన్ రాజకుటుంబానికీ వారి వాద్యకారునికీ పరిమితం కావడం వంటి కొద్ది మర్యాదలు తప్ప, ఎవరు ఏదైనా ధరించవచ్చు. చట్టం నిజంగా కలగజేసుకునేది కులచిహ్నాల విషయంలో: నాయకుని శిఖాచిహ్నం ఆయన సొంత ఆస్తి, వంశస్థులు దాన్ని పట్టీ, బకిల్ బొమ్మ చుట్టిన బిళ్లగా మాత్రమే టోపీకి పెట్టుకోవచ్చు, ఉత్త వలయంలో మూడు ఈకలతో ధరించే హక్కు నాయకుడొక్కనిదే, దీనిని విచారించడానికి ఎడిన్‌బరోలో లార్డ్ లయన్ అనే అధికారి న్యాయస్థానం నేటికీ ఉంది. ఈ తేడా అర్థవంతమైనది. బట్ట చేరికను తెలుపుతుంది కనుక అందరికీ తెరిచి ఉంది, బిళ్ల పదవిని తెలుపుతుంది కనుక మూసి ఉంది. అబద్ధమాడకపోవడం అన్ని మతాలూ విధించే ధర్మం, తనది కాని పదవిని టోపీకి గుచ్చుకోవడం నోరు విప్పకుండా ఆడే అబద్ధం.

ఆ తెరిచిన తలుపులోంచి ఇతర మతాలవారు ఎలా ప్రవేశించారన్నది ఈ విచారణలో అత్యంత ఆశాజనకమైన భాగం. 2008లో గ్లాస్గోలోని ఒక యూదు మతగురువు చొరవతో ఒక యూదు టార్టన్ నమోదైంది. యూదుల ధర్మశాస్త్రం ఉన్నినీ నారనూ ఒకే వస్త్రంలో కలపడాన్ని నిషేధిస్తుంది, ఆ కలయికను షాత్నెజ్ అంటారు, దాని ఆజ్ఞలు లేవీయకాండంలోనూ ద్వితీయోపదేశకాండంలోనూ ఉన్నాయి; అందువల్ల ఆ టార్టన్‌ను పూర్తిగా ఉన్నితోనే నేయించారు. నియమనిష్ఠ గల యూదుడు పైబట్టతో ఆగడు, కోటు మెడపట్టీ లోపల నారగుడ్డ పెట్టి కుట్టారేమోనని కూడా విప్పి చూపిస్తాడు. పరాయి జాతి ఆచారాన్ని స్వీకరిస్తూ తన ధర్మాన్ని ఒక్క నూలుపోగు కూడా వదులుకోకపోవడం ఎలాగో అతడు చూపుతున్నాడు. సిక్కుల విషయంలో సామ్యం మరింత లోతైనది. బహిరంగ స్థలంలో పదునైన ఆయుధం ఉంచుకోవడాన్ని నేరంగా చెప్పే 1995 నాటి స్కాట్లండ్ నేరచట్టం, 49వ విభాగంలో, మతకారణం వల్ల ధరించిన దానినీ జాతీయ వేషంలో భాగంగా ధరించిన దానినీ పక్కపక్కనే మినహాయించింది. అమృతధారి సిక్కు నడుమునున్న కిర్పాణూ పెండ్లికొడుకు మేజోడులోని స్కీయన్ దూ చట్టం దృష్టిలో తోబుట్టువులు. ఒకటి దైవానికి చేసిన ప్రమాణానికి గుర్తు, మరొకటి పూర్వుల పట్ల గౌరవానికి గుర్తు. రెండూ కత్తిగా కాక గుర్తుగా ఉన్నంతవరకే ఆ రక్షణ పొందుతాయి కనుక, విందులో తాగిన మత్తులో స్కీయన్ దూను ఒరనుంచి దూసి చూపించేవాడు తన జాతీయ వేషానికే ద్రోహం చేస్తున్నాడు.

స్పోరన్ ఎంపికలో మరొక ధర్మసంకటం ఉంది. రాత్రి విందుకు వాడే స్పోరన్ ముందుభాగానికి చిరకాలంగా సీల్ చర్మం ప్రశస్తమని పేరు. 2009లో ఐరోపా సమాఖ్య, ఇన్యూట్ ప్రజల సంప్రదాయ వేటను మినహాయించి, సీల్ ఉత్పత్తుల వ్యాపారాన్ని నిషేధించింది. చట్టం ఒత్తిడి లేకపోయినా, అహింసను ధర్మంగా నమ్మేవారికి ఇక్కడ జవాబు స్పష్టంగానే ఉండాలి. సంచి పని వస్తువులు దాచడం, దాని అందానికి ఒక ప్రాణి చనిపోనక్కరలేదు; తాతగారి నుంచి వచ్చిన పాత స్పోరన్‌ను పారవేయడం వల్ల చనిపోయిన ప్రాణి తిరిగి రాదు కనుక దాన్ని గౌరవంగా వాడుకోవచ్చు, కొత్తది కొనేవారు మాత్రం కృత్రిమ బొచ్చుతో చేసినది తీసుకోవడమే ఉత్తమం.

1575లో ప్లాయిడ్‌ను వేదిక మీదికి రానివ్వని చర్చి సంప్రదాయమే ఇరవయ్యవ శతాబ్దంలో టార్టన్‌ను ఆశీర్వదించే స్థితికి వచ్చింది. స్కాట్లండ్‌లో పుట్టి వాషింగ్టన్‌లోని న్యూయార్క్ అవెన్యూ ప్రెస్బిటీరియన్ చర్చిలో బోధకుడైన పీటర్ మార్షల్ రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జరిపిన ఆరాధన నుంచి ఈ పద్ధతి అమెరికా అంతటా వ్యాపించింది. వంశాల టార్టన్లను పీఠం ముందుకు తెచ్చి దీవెన పొందే ఆ సేవను కర్కిన్ ఓ ద టార్టన్ అంటారు. నిషేధ కాలంలో హైలండ్ ప్రజలు టార్టన్ ముక్కలను దుస్తులలో దాచుకుని, బోధకుడు ఆశీర్వచనం పలికేవేళ రహస్యంగా తాకేవారని ఆ సేవలో ఒక కథ చెబుతారు. దానికి ఆ కాలపు ఆధారాలేవీ లేవు. దైవసన్నిధిలో చెప్పే కథ నిజం కాకపోతే దీవెన పాడవుతుందా అన్నది తీవ్రమైన ప్రశ్న. దీవెన బట్టకు కాక మనుషులకూ వారి కృతజ్ఞతకూ దక్కుతుంది కనుక అది నిలుస్తుంది. కథను మాత్రం కథగానే చెప్పాలి, దేవుని పేరిట చారిత్రక సత్యంగా ప్రకటించకూడదు. ఇళ్లు కాలిపోయిన స్ట్రాత్‌నేవర్ కుటుంబాల కథ నిజం, దానికి సాక్ష్యాలున్నాయి, ఆశీర్వచన వేళ తలచుకోదగిన కథ అదే.

చదువుకో ఉద్యోగానికో వెళ్లి ఎడిన్‌బరోలోనో గ్లాస్గోలోనో ఉంటూ స్నేహితుని పెండ్లికి పిలుపు అందుకున్న తెలుగువారు, ఇది తమది కాని వేషమని వెనుకాడనక్కరలేదు. పిలిచినవారి ఆచారాన్ని గౌరవంగా స్వీకరించడం వారి సంతోషంలో పాలుపంచుకోవడమే. సొంతంగా కుట్టించుకునే స్తోమత లేకపోతే అద్దెకు తీసుకోవడంలో లోటు లేదు, స్కాట్లండ్ పెండ్లిళ్లలో స్వదేశీయులు కూడా ఎందరో అలాగే చేస్తారు. వంశపు టార్టన్ కంటె తాము నివసిస్తున్న పట్టణం లేదా జిల్లా పేరిట ఉన్న టార్టన్ ఎంచుకోవడం సముచితం, ఎందుకంటే ఆ నేలతో ఉన్న సంబంధం నిజమైనది. పగటి పెండ్లయితే తోలు స్పోరన్, సాదా మేజోళ్లు చాలు. శిఖాచిహ్నపు బిళ్ల పెట్టుకోకుండా ఉండటమే మేలు. 2008 నాటి చట్టం కింద ఏర్పడి 2009 నుంచి నడుస్తున్న స్కాట్లండ్ టార్టన్ల అధికారిక నమోదులో ఒక్కొక్క నమూనాకు సంబంధించిన వివరాలూ, దాన్ని ధరించడంపై ఏవైనా మర్యాదపూర్వక పరిమితులుంటే అవీ రాసి ఉంటాయి, వాటిని ఎవరైనా చూడవచ్చు; బట్టను చేతిలోకి తీసుకునే ముందు ఆ పుటను చదవడం మరవవద్దని పాఠకులకు మనవి.